పైపుకు పరుపు కుట్టినవాడు

షరీఫ్ అరచెయ్యి ఆవిరి పైపుకు బెత్తెడు దూరంలో ఆగింది. కళ్లు మూసుకుని లోలోపల అంకెలు లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది అనేసరికి వేడికి ఆగలేక చెయ్యి వెనక్కి వచ్చేసింది. రెండడుగులు పక్కకు జరిగి, పైపు మధ్యలో గుండ్రటి చక్రంతో ఉన్న వాల్వు దగ్గర మళ్లీ చెయ్యి చాపాడు. ఈసారి ఆరుకే వచ్చేసింది. జేబులోంచి సుద్దముక్క తీసి గోడ మీద పైపు పక్కన తొమ్మిది, వాల్వు పక్కన ఆరు వేశాడు.

"ఏటి సాయిబూ, పైపుకి నాడి సూత్తన్నావా?" అంది వెనక నుంచి జోగమ్మ.

"అవునప్పా. జొరం బాగా ఉన్నాది."

"జొరం దానికి, పత్తెం మాకు! ఇదిగో సూడు," అంటూ ఆవిడ గుండిగ మూత తీసింది. పైన అన్నం చిమిడి గంజి కట్టింది. గరిటె అడుగుదాకా దింపి పైకి తీస్తే పలుకు పలుకుగా వచ్చింది. "పైన సద్ది, కింద బియ్యం. ఇది వొండింది నాననుకుంటే నాకే సిగ్గేత్తన్నాది."

పెందుర్తిలో నర్సింగు చదువుకునే ఆడపిల్లల హాస్టలు అది. ట్రస్టువాళ్లు నడుపుతారు. నూట ఎనభై మంది పిల్లలు. హాస్టలు తెరిచిన నాటి నుంచీ, అంటే పన్నెండేళ్లుగా, వంటింటికి పెద్ద జోగమ్మే. ఆవిడ కింద మరో నలుగురు ఆడవాళ్లు. పెరటి చివర రేకుల షెడ్డులో గ్యాసుతో మండే బాయిలరు ఉంది. అందులో పుట్టిన ఆవిరి పైపులో పెరడంతా దాటి వంటింట్లోకి వచ్చి, గుండిగల్లోకి దూరి అన్నం ఉడికిస్తుంది. ఒకప్పుడు నలభై నిమిషాల్లో దిగిన అన్నానికి ఇప్పుడు గంటుంబావు పడుతోంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి ఎనిమిదింటికి తిరిగొచ్చే పిల్లలు అన్నం కోసం చూసి చూసి, రెండు బిస్కెట్లు కొరికి పడుకుంటున్నారు. జోగమ్మకు అన్నం మాడినా బాధ లేదుగానీ ఆ బిస్కెట్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

బాయిలరు చాలడం లేదని ట్రస్టు కమిటీవాళ్లు అనుకున్నారు. పెద్దది పెడదామంటే షెడ్డులో చోటు లేదు. కాబట్టి వంటిల్లు మూసేసి, బయట వండించిన భోజనం వ్యానులో తెప్పిద్దామన్న మాట లేచింది. నెలాఖరు శుక్రవారం కమిటీ పెద్ద గురునాథరావు గారు స్వయంగా వచ్చి చూసి ఆ సంగతి తేల్చేస్తారు. మూసేస్తే ఐదుగురు ఆడవాళ్లూ ఇంటికే. ఈ మాట తెలిసిన రోజునే బాయిలరు నడిపే నాగబాబు వార్డెన్ కుసుమకుమారి దగ్గరికి వెళ్లి, "మా బావ ఒకడున్నాడు మేడం, ఒక్కసారి సూపిద్దాం," అన్నాడు. నాగబాబూ షరీఫూ ఇరవై ఏళ్ల కిందట ఒకే కాంట్రాక్టరు దగ్గర పని చేసినవాళ్లు. వరస ఎక్కడ కలిసిందో ఇద్దరికీ తెలియదు. బావా అంటే బావా అనుకుంటారు, అంతే.

కుసుమకుమారి చీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని పెరట్లోంచి వంటింట్లోకి వచ్చింది. "ఏం తేల్చారు షరీఫ్ గారూ? పెద్ద బాయిలరు కావాలా?"

"బాయిలరుకి ఏ రోగమూ లేదమ్మా. అరవై అడుగుల పైపు బట్ట లేకుండా నిలబడున్నాది. వొండిన ఆవిరిలో పావు వొంతు పెరట్లో కాకులకి పెట్టి, మిగిలింది గుండిగకి పంపుతన్నారు. దారిలో సల్లారిన ఆవిరి నీళ్లయిపోయి అన్నంలో పడతన్నాది. అందుకే పైన సద్ది."

"మరి బట్ట కడితే సరిపోతుందా?"

"కట్టడం కాదమ్మా, కుట్టాల."

షరీఫ్ ఆ మాట ఊరికే అనలేదు. అతనిది దూదేకుల ఇల్లు. పూర్ణా మార్కెట్ వెనక సందులో తండ్రి దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టేవాడు. ఏకే విల్లు టంగుమన్న చప్పుడుకే ఆ ఇంట్లో పిల్లలు నిద్ర లేచేవారు. పదేళ్లు నిండకముందే షరీఫ్ చేతికి జానెడు సూది వచ్చింది. తండ్రి నేర్పిన మొదటి సూత్రం ఒకటే. కుట్టు కనబడాలి. దాచిన కుట్టు దొంగకుట్టు. పాత దూది కుక్కేవాళ్లే కుట్టును లోపలికి మడిచి దాస్తారనీ, కొనేవాడు పరుపు తిరగేసినా మరగేసినా మన కుట్టు ఎదురుగా నిలబడి మాట్లాడాలనీ ఆయన అనేవాడు.

తరవాత ఫోము పరుపులు వచ్చాయి. విల్లు గోడకెక్కింది. ఇరవై రెండేళ్ల షరీఫ్ కూలి వెతుక్కుంటూ స్టీలు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద చేరాడు. మొదటి రోజు ఆవిరి పైపు మీద ఇద్దరు మనుషులు రాతి ఉన్నిని ఇనప జాలితో కలిపి చుట్టి, తీగతో కుట్టలేక అవస్థ పడుతుంటే చూశాడు. రాతి ఉన్ని అంటే రాయిని కరిగించి పీచుగా తీసినది, నిప్పుకు కాలదు. కాసేపు చూసి, "ఇది పరుపే కదా," అని సూది అందుకున్నాడు. టీ వేళకు పది అడుగులు కుట్టేశాడు. ఆ పనిని లేగింగ్ అంటారని సాయంత్రం ఎవరో చెప్పారు.

పుస్తకంలో చదివి నేర్చుకున్నది ఏమీ లేదు. చెయ్యి కాలి కొంత, చూసి కొంత. పరుపులో దూది ఎంత దట్టిస్తే అంత మంచిది. ఇక్కడ దట్టిస్తే దండగ, ఎందుకంటే వేడిని ఆపేది ఉన్ని కాదు, ఉన్ని మధ్య చిక్కుకుని కదలలేని గాలి. ఈ ఒక్క సంగతి అతనికి తెలియడానికి ఏడాది పట్టింది. వాల్వును ఉత్తినే వదిలేస్తే గజం పైపు వదిలేసినట్టేనని తెలియడానికి ఇంకో ఏడాది. ప్లాంటులో, మరమ్మతుకు వచ్చిన ఓడల్లో, ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లు కుట్టాడు. ఉన్ని మీద అల్యూమినియం రేకు తొడగడం మాత్రం వేరే ముఠా పని. వీళ్లు కుట్టి దిగితే వాళ్లు ఎక్కేవారు. కాంట్రాక్టులు మానుకుని సొంతంగా చిన్న పనులు పట్టుకున్నాకే రేకు కూడా తనే తొడగడం మొదలుపెట్టాడు. అవి కూడా ఎక్కువగా ఇళ్లలో, హోటళ్లలో, కప్పు కింద ఉండే పైపులు.

ఆ వారమంతా ఇంటి ముందు గదిలో పని నడిచింది. షరీఫ్ జాలి కత్తిరించి ఉన్ని పరిస్తే, భార్య జమాలున్నీసా ఎదురుగా కూర్చుని అంచులు కుట్టేది. ఉన్ని నలుసులు గుచ్చుకోకుండా ఇద్దరూ మోచేతులదాకా కొబ్బరినూనె రాసుకుని, పాత చొక్కాలు తొడుక్కుని, ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. వాల్వులకు మాత్రం గాజు పీచుతో నేసిన బట్టతో సంచుల్లాంటి తొడుగులు కుట్టారు. ఎప్పుడైనా వాల్వు విప్పాల్సి వస్తే తాళ్లు విప్పి తీసి, పనయ్యాక మళ్లీ కట్టుకోవచ్చు.

"ఎవురికండీ ఇంత ముద్దుగా కుడతన్నారు? మన సనోబర్ పెళ్లికి కూడా ఇంత సక్కటి బొంత కుట్టలేదు," అంది జమాలున్నీసా. సనోబర్ వాళ్ల కూతురు, పెళ్లయి గాజువాకలో ఉంటోంది.

"వొంటమనిసి జోగమ్మప్పకి. అన్నం బాలేదని ఏడుపొక్కటే తక్కువ ఆవిడకి."

"అయితే ఇంకో వరస ఎయ్యండి," అని ఆవిడ సూది మళ్లీ ఎక్కించింది.

ఆదివారం మధ్యాహ్నం బాయిలరు ఆపి, పైపు చల్లారాక షరీఫ్ పని మొదలుపెట్టాడు. చల్లారిన నీళ్లను బయటికి వదిలే ట్రాపు తుప్పుతో మూసుకుపోయి ఉంటే నాగబాబు విప్పి కడిగాడు. సాయంత్రానికల్లా అరవై అడుగులూ ఉన్ని మీద రేకు తొడుక్కుని తెల్లగా మెరిశాయి. రేకు అంచులు కలిసే గీత పైపు నెత్తి మీద, షెడ్డు నుంచి వంటింటిదాకా తాడు లాగినట్టు సూటిగా వచ్చింది. షరీఫ్ నాలుగడుగులు వెనక్కి వేసి ఆ గీతను చూసుకున్నాడు. తండ్రి ఉంటే భుజం తట్టేవాడు అనుకున్నాడు.

సోమవారం ఉదయం అన్నం నలభై రెండు నిమిషాల్లో దిగింది. పూటకు రెండు సిలిండర్లు తాగే బాయిలరు ఒకటిన్నరతో ఊరుకుంది. జోగమ్మ ఫోనులో, "సాయిబూ! మల్లెపూవే! నాను మేడంకి మాటిచ్చీసినాను, వ్యాను ముండ గేటు దాటదని!" అని అరిచింది. అవతల పిల్లల నవ్వులు వినిపించాయి. వారం రోజులు అలాగే గడిచింది.

మరుసటి సోమవారం సముద్రంలో అల్పపీడనం పట్టింది. రెండు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. బుధవారం పొద్దున్నే నాగబాబు ఫోను చేశాడు.

"బావా, నీ పరుపు పొగలు కక్కుతన్నాది."

షరీఫ్ గొడుగు కూడా తీసుకోకుండా బస్సెక్కాడు. హాస్టలు పెరట్లో అడుగుపెట్టేసరికి చూపు ముందు పైపు అడుగుకే పోయింది. రేకు కింద నుంచి వేడినీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. పైన గీత పొడవునా సన్నటి ఆవిరి లేస్తోంది. వేలితో తట్టాడు. బరువుగా మోగింది. ఉన్ని నీళ్లు తాగింది. తడిసిన ఉన్ని ఉత్త పైపుకంటే చేటు. వేడిని ఆపకపోగా తనే పీల్చేస్తుంది, పైపును తుప్పు పట్టిస్తుంది.

వంటింటి గుమ్మంలో జోగమ్మ నిలబడి ఉంది. ఈసారి వేళాకోళం లేదు.

"నీ పనిని సూసి మాటిచ్చీసినాను, తమ్ముడా. ఎల్లుండి ఆయన వొత్తన్నాడు. పొద్దున్న ముగ్గురు గుంటలు తినకుండా పడుకున్నారు."

ఆవిడ తిట్టి ఉంటే షరీఫ్‌కు కాస్త తేలిగ్గా ఉండేది.

కుసుమకుమారి వచ్చి, "అనుకోని వాన కదా, ఎవరు మాత్రం ఏం చేస్తారు," అంది. తప్పుకోవడానికి ఆ మాట చాలు.

"తప్పు వానది కాదమ్మా, నాదే," అన్నాడు షరీఫ్. "ఎక్కడో ఇంకా సరిగ్గా తెలీదు. తెలుసుకుని రేపు మజ్జానానికి వొత్తాను."

ఇంటికి వచ్చి తడిబట్టలతోనే గడప మీద కూర్చున్నాడు. కుట్టు ఊడలేదు. రేకు చిరగలేదు. మరలన్నీ బిగువుగా ఉన్నాయి. ఎక్కడా లోపం కనబడలేదు. జమాలున్నీసా తువ్వాలు తెచ్చి తల తుడుస్తూ అంతా విన్నది.

"రేకు అంచు ఏ పక్కకి పెట్టినారు?"

"పైకి. కనబడేలాగే. మా నాన్న సెప్పినట్టు."

ఆవిడ చెయ్యి ఆగింది. "మీ నాన్న పరుపుల మీద వాన కురిసిందేటండీ ఎప్పుడైనా?"

షరీఫ్ ముప్పై ఏళ్లు పైపుల మీద కుట్టు కుట్టాడుగానీ రేకు తొడిగే ముఠా అంచును ఎటు తిప్పుతారో ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. చూసి ఉంటే తెలిసేది. ఆరుబయట పైపుకు అంచు నెత్తిన ఉంటే నీళ్లకు ద్వారం తెరిచిపెట్టినట్టే. అది పొట్ట కిందికి రావాలి, నోరు నేలవైపు చూడాలి. ఎవరికీ కనబడకూడదు. తండ్రి మాట పరుపుకు నిజం. ఇక్కడ నిజం కాదు. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి అతనికి తండ్రి పోయినంత పని అయింది.

"తడిసింది వాడకూడదు. కప్పు కిందది పోగా పెరట్లో నలభై అడుగులు కొత్తది కుట్టాల," అన్నాడు చివరికి.

"సూడండి, పొద్దు ఇంకా పన్నెండే. లెండి, నూని రాసుకోండి," అంది ఆవిడ.

గురువారం మధ్యాహ్నం షరీఫ్ ఆటోలో కొత్త ఉన్ని చుట్టలు ప్లాస్టిక్కులో చుట్టి తెచ్చాడు. వాన తుంపరగా పడుతూనే ఉంది. బాయిలరు ఆపించి, పాత రేకు విప్పి, తడి ఉన్నిని దులిపి పక్కన పారేసి, పైపును గుడ్డతో పొడిగా తుడిచాడు. కొత్త ఉన్ని తెరిచేవేళకు చినుకు పెద్దదైంది. ఒక్క పది నిమిషాలు తడిస్తే అదీ పోతుంది. షరీఫ్ ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

జోగమ్మ వంటింట్లోంచి అంతా చూస్తూనే ఉంది. వడియాలు ఎండబెట్టే పెద్ద టార్పాలిన్ తీసి లోపలికి కేకేసింది. "ఒలే, గరిటెలు పారీసి రండే!" నలుగురు ఆడవాళ్లూ పరిగెత్తుకొచ్చారు. తలా ఒక కొస పట్టుకుని పైపు మీద పందిరిలా ఎత్తారు. నడుమ ఎత్తుగా ఉండాలని జోగమ్మ పొడుగాటి తెడ్డును గుంజలా నిలబెట్టి పట్టుకుంది.

ఆ పందిరి కింద షరీఫ్ పని సాగింది. ఉన్ని చుట్టి, తీగతో కుట్టాడు. రేకును వంటింటి వైపు, అంటే పైపు వాలిన పల్లం వైపు నుంచి మొదలుపెట్టాడు. చూరు నుంచి పెంకు నేసుకుంటూ పైకి పోయినట్టు, పై ముక్క కింది ముక్క మీదికి నాలుగు వేళ్లు ఎక్కేలా తొడుక్కుంటూ వెళ్లాడు. అంచు మరలు బిగించడానికి గోనెపట్టా పరుచుకుని బురదలో వెల్లకిలా పడుకోవాల్సి వచ్చింది.

"బావా, ఈ వొయసులో నేల మీద దొర్లుతన్నావు. అక్క సూత్తే నన్ను సంపీగల్దు," అన్నాడు నాగబాబు మరలు అందిస్తూ.

"నువ్వు నోరు మూసుకుని సిన్న మరలివ్వు. ఇవి పొడుగు, లోపలికి గుచ్చుకుంటాయి."

"సాయిబూ, సేతులు పీకుతన్నాయి, బేగి కానీయ్," అంది పైనుంచి జోగమ్మ.

"నువ్వు దించీసి ఎల్లప్పా, కాసేపు ఆగి సేత్తాను."

"దించుతానేటి! నువ్వు కుట్టు, నాను పట్టుకుంటాను. పన్నెండేళ్లు గుండిగలు దించిన సేతులివి."

పొద్దు గుంకే వేళకు ఆఖరి మర బిగిసింది. షరీఫ్ లేచి చూశాడు. పైపు నున్నగా ఉంది. ఎక్కడా గీత లేదు, కుట్టు లేదు. చేసిన పనంతా నేలవైపు తిరిగి ఉంది. చూడటానికి ఏమీ లేకపోవడం అతనికి కొత్తగా, కొంచెం వెలితిగా అనిపించింది. జోగమ్మ మాత్రం చేతులు దించి భుజాలు నొక్కుకుంటూ, "బాగున్నాది. బుద్ధిమంతుడి లాగ ఉన్నాది," అంది.

శుక్రవారం పొద్దున్న వాన కుండపోతగా కురిసింది. గురునాథరావు గారు ఏడింటికే గొడుగు వేసుకుని వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. కుసుమకుమారి చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, ముందు పెరట్లోకి నడిచారు. వానలో తడుస్తున్న రేకు మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. తీయలేదు. కాస్త వెచ్చగా ఉంటుందంతే. వంగి అడుగున చూశారు. వాననీళ్లు జారిపోతున్నాయి తప్ప ఆవిరి లేదు. వంటింట్లోకి వచ్చి గడియారం చూసుకుని కూర్చున్నారు. జోగమ్మ అందరికీ వినబడేలా ఆవిరి వాల్వు తిప్పి, కొంగు నడుముకు దోపుకుని నిలబడింది.

నలభై నిమిషాలు దాటాయో లేదో మూత తీశారు. ఆవిడ గరిటెను అడుగుదాకా దింపి పైకి లేపింది. పైనా కిందా ఒకే అన్నం, మెతుకుకు మెతుకు అంటకుండా.

ఎనిమిదింటికి రాత్రి డ్యూటీ పిల్లలు గొడుగులు దులుపుకుంటూ వచ్చారు. గురునాథరావు గారు వాళ్ల వరసలోనే కంచం ముందు పెట్టుకుని పప్పన్నం తిన్నారు. ఒకమ్మాయి రెండోసారి వడ్డించుకోవడానికి లేచింది. ఇంకో అమ్మాయి, "జోగమ్మత్తా, ఇంకొంచెం వెయ్యవా," అని కూర్చున్నచోటి నుంచే కేకేసింది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "వ్యాను సంగతి ఇంక మాట్లాడొద్దు కుసుమకుమారీ. వంట ఇక్కడే," అని గొడుగు తీసుకున్నారు.

జోగమ్మ గోడవైపు తిరిగి పమిట చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. నలుగురు ఆడవాళ్లలో ఒకామె నవ్వింది, ఒకామె ఏడ్చింది.

షరీఫ్ అప్పటికే సామాను సర్దుకున్నాడు. పోయే ముందు జోగమ్మనూ నాగబాబునూ వంటింటి వాల్వు దగ్గరికి పిలిచాడు.

"ఎవుడైనా వాల్వు రిపేరుకి వొస్తే కత్తెర పెట్టి కొయ్యనీకండి. ఈ నాలుగు తాళ్లూ విప్పితే తొడుగు వొచ్చీత్తాది. పనయ్యాక వాడు కట్టకుండా పోతాడు. అందరూ అంతే. మళ్లీ కట్టాల్సింది మీరే. ముందు అడుగు తాడు, తరవాత పైది. బిగించొద్దు, ఉన్ని నలిగితే లాభం లేదు. ఇంకోటి, వానాకాలం ముందు ఓసారి అడుగున సూడండి. మర ఊడితే ఆ రోజే ఎక్కించీండి."

"అలాగే బావా," అన్నాడు నాగబాబు.

"నువ్వు కాదు, ముందు అప్ప కట్టాల."

జోగమ్మ తాళ్లు విప్పి తొడుగు చేతిలోకి తీసుకుని బరువు చూసింది. కుట్టు మీద వేలు రాసింది. వాల్వుకు తొడిగి, అడుగు తాడు ముడి వేసింది, తరవాత పైది. షరీఫ్ రెండు వేళ్లు లోపలికి దూర్చి చూశాడు. వదులు కాదు, బిగువు కాదు.

"సరిపోనాది," అని చేతులు తుడుచుకుని, సంచి భుజానికి ఎత్తుకున్నాడు.